గోడ రంగు చివరికి వదిలేయండి: గుమ్మాలు, కిటికీలు, గోడలకు జత కుదిర్చే పద్ధతి

షాపులో ఫ్యాన్‌డెక్ (షేడ్ల పట్టీల కట్ట) చేతికి రాగానే అందరూ గోడ రంగు వెతకడం మొదలుపెడతారు. అది తేలాక గుమ్మాలకు ఏం వేద్దామని అడిగితే మేస్త్రీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఐవరీ వేసేద్దాం సార్, దేనికైనా నప్పుతుంది." దేనికైనా నప్పే రంగు లేదు, ఐవరీ అసలే కాదు. ఈ వరసను తిరగేస్తే సగం చిక్కులు వాటంతటవే పోతాయి. ఇంట్లో మార్చలేని వస్తువుల రంగేమిటో ముందు చూసుకోవాలి. తర్వాత గుమ్మాలు, తలుపులు, కిటికీలు, గ్రిల్స్, సీలింగ్. గోడ అన్నిటికన్నా చివర. గోడకు వెయ్యికి పైగా షేడ్లు దొరుకుతాయి. మీ టేకు తలుపుకి ఉన్నది ఒక్కటే రంగు.

మార్చలేనివంటే గచ్చు, పాలిష్ పెట్టిన చెక్క, వంటగది గ్రానైట్, లామినేట్ తలుపులు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) లేదా అల్యూమినియం కిటికీలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఫ్లాట్లలో తరచూ కనిపించే జత తీసుకుందాం: క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్, టేకు మెయిన్ డోర్, లోపలి గదులకు ఫ్లష్ డోర్లు, తెల్ల యూపీవీసీ కిటికీలు. గొడవ ఇక్కడే మొదలవుతుంది. టైల్ పసుపు వైపు మొగ్గుతుంది, యూపీవీసీ తెలుపు నీలం వైపు మొగ్గుతుంది, టేకు నారింజ వైపు లాగుతుంది. గోడకు బూడిద రంగు వేస్తే టైల్ మాసినట్టు కనిపిస్తుంది. నిండు క్రీమ్ వేస్తే కిటికీ ఫ్రేములు ప్లాస్టిక్ అని అరిచి చెబుతాయి.

ఒక రంగు ఎటు మొగ్గుతుందో కంటితో చెప్పడం కష్టం, లేత రంగుల్లో మరీ కష్టం. రెండు పనులు చేయండి. షేడ్ ముక్కను మామూలు ఏ4 తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒంటరిగా తెల్లగా ఉన్నది కాగితం మీద పెట్టగానే గులాబీగానో పచ్చగానో బయటపడుతుంది. రెండోది, ఫ్యాన్‌డెక్‌లో అదే పట్టీ చివరనున్న ముదురు షేడ్ చూడండి. లేత షేడ్ దాచిన మొగ్గు అక్కడ దొరికిపోతుంది. "గ్రే" అనుకున్న పట్టీ చివర ఊదా ఉంటే, మీ గది ట్యూబ్‌లైట్ కింద ఊదాగానే కనిపిస్తుంది. టైల్‌కు కూడా ఇదే పరీక్ష: కాగితం నేల మీద పరిచి పక్కన టైల్ ఎలా ఉందో చూడండి.

టేకు విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువ జతలు చెడేది అక్కడే. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. గోబెలాన్ అద్దకం శాలలో పనిచేసిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లో దీనిమీద పుస్తకమే రాశాడు. నీలం మొగ్గున్న గ్రే గోడ పక్కన టేకు ఉన్నదానికన్నా ఎక్కువ నారింజగా కనిపిస్తుంది. కాటలాగ్‌లో అందంగా ఉన్న గ్రే ఇంటికొచ్చాక తలుపును ఎబ్బెట్టుగా చేసేది ఇందుకే. టేకు తలుపు, టేకు గుమ్మం ఉన్న హాల్లో పసుపు మొగ్గు కొద్దిగా ఉన్న ఆఫ్‌వైట్, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ, ఇసుక రంగు బాగా కూర్చుంటాయి. గ్రే కావాలని పట్టు ఉంటే, గోధుమ మొగ్గున్న గ్రే తీసుకోండి. పీచ్, లేత నారింజ మాత్రం వద్దు. తలుపూ గోడా ఒకే కుటుంబంలో పడి చెక్క పనితనం కంటికి ఆనదు. అంత ఖర్చు పెట్టి టేకు చేయించింది అందుకు కాదు కదా.

పాత ఇళ్లలో లెక్క వేరు. నీలం, బూడిద కలిసిన తాండూరు బండల గచ్చయితే నేలే చల్లని రంగు, కాబట్టి గోడకు కొంచెం వెచ్చని తెలుపు, గుమ్మాలకు ముదురు గోధుమ లేదా ముదురు ఆకుపచ్చ నిలుస్తాయి. ఎర్ర గచ్చు ఉన్న ఇంట్లో పచ్చ తలుపులు వేసిన పెద్దవాళ్లకు రంగుల చక్రం తెలియకపోవచ్చు, కంటికి ఏది నప్పుతుందో తెలుసు. ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు, ఒకదాన్నొకటి నిలబెడతాయి. సున్నం గోడ అడుగున జాజు పట్టీ కూడా అలంకారం ఒక్కటే కాదు. వానకు చూరు నీళ్లు నేల మీద పడి ఎర్రమట్టి గోడ మీదకు చిందుతుంది, అది పట్టీలో కలిసిపోతుంది.

తెలుపు ఒక్కటే ఉండాలి

ఇంట్లో ఎన్ని రంగులైనా వేసుకోండి, తెలుపు మాత్రం ఒక్కటే ఎంచుకోండి. సాధారణంగా జరిగేది ఇది: సీలింగ్‌కు డబ్బాలో వచ్చిన రెడీ వైట్, గుమ్మాలకు ఐవరీ ఎనామెల్, గోడకు ఆఫ్‌వైట్, కిటికీ యూపీవీసీ. నాలుగు తెలుపులు ఒకే గదిలో. రెడీ వైట్ బాగా మెరిసే చల్లని తెలుపు. దాని కింద ఐవరీ గుమ్మం పాత పళ్ల రంగులో కనిపిస్తుంది. స్విచ్ బోర్డు ప్లేట్లు, ఏసీ, ఫ్యాన్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి, అవన్నీ చల్లని తెలుపే.

కిటికీలు తెల్ల యూపీవీసీ అయితే ఆ తెలుపుకే లొంగిపోవడం మంచిది. ఫ్రేము ముక్క ఒకటి, లేదా దగ్గరి నుంచి సరిపోల్చిన షేడ్ ముక్క షాపుకు తీసుకెళ్లి, సీలింగ్‌కూ ఫ్లష్ డోర్లకూ గుమ్మాలకూ ఆ తెలుపునే ఎంచుకోండి. అప్పుడు గోడ మీద క్రీమ్ వేసినా, లేత ఆకుపచ్చ వేసినా అది కావాలని వేసిన రంగులా కనిపిస్తుంది. కిటికీలు పౌడర్ కోటింగ్ అల్యూమినియం అయితే ఫాబ్రికేటర్‌ను రాల్ (RAL) నంబరు, అంటే ఆ రంగు కోడ్, అడగండి. ఈ మధ్య ఎక్కువగా వాడే ముదురు బూడిద 7016లో నీలం మొగ్గు ఉంటుంది. పసుపు క్రీమ్ గోడ పక్కన అది నీలంగానే కనిపిస్తుంది, తర్వాత ఆశ్చర్యపోవద్దు.

గోడకూ గుమ్మానికీ ఎంత తేడా ఉండాలో చూడటానికి ఎల్ఆర్‌వీ అనే అంకె పనికొస్తుంది. రంగు ఎంత వెలుతురు తిరిగి ఇస్తుందో 0 నుంచి 100 వరకు చెప్పే లెక్క. నలుపు 0 దగ్గర, మంచి తెలుపు 80 పైన. కొన్ని కంపెనీలు షేడ్ కార్డు మీదో వెబ్‌సైట్లోనో ఇస్తాయి. తెల్ల గుమ్మం 85 అనుకుంటే, గోడ 78 అయితే రెండూ ఒకటే వేయబోయి తప్పిపోయినట్టు ఉంటుంది. గోడ 60–70 మధ్య ఉంటే నెమ్మదైన తేడా, 45 కిందికి వెళ్తే గుమ్మం గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంత తేడా కావాలంటే గుమ్మం అంచులు నిటారుగా, ప్లాస్టరింగ్ సమంగా ఉండాలి. వంకర గుమ్మం ఉన్న ఇంట్లో గోడ, గుమ్మం ఒకే షేడ్ వేసి మెరుపు మాత్రం మార్చడం తెలివైన పని: గోడకు మెరుపు లేని మ్యాట్, గుమ్మానికి కాస్త మెరిసే శాటిన్.

ఒకే షేడ్ నంబరును మ్యాట్ ఎమల్షన్ (గోడలకు వేసే నీటి రంగు)లోనూ గ్లాస్ (నిగనిగలాడే) ఎనామెల్‌లోనూ కలిపిస్తే రెండూ ఒకేలా ఉండవు. మ్యాట్ వెలుతురును అన్ని వైపులా చెదరగొడుతుంది, కాబట్టి కాస్త పాలిపోయి కనిపిస్తుంది. గ్లాస్‌లో రంగు లోతుగా, ముదురుగా ఉంటుంది. షేడ్ కలిపే మూల పెయింటు, అంటే బేస్ కూడా వేరు. అందుకే రెండిటినీ ఒకే చెక్క మీద పక్కపక్కన వేసి చూడాలి.

వెలుతురు ముందు ఎవరి మాటా చెల్లదు

ఉత్తరం కిటికీ గదిలో వెలుతురు నీలంగా, నిలకడగా ఉంటుంది, గ్రే అక్కడ మరింత చల్లబడి దిగులుగా మారుతుంది. పడమటి గదిలో సాయంత్రం నాలుగు తర్వాత పీచ్ రంగు మండిపోతుంది. రాత్రికి ఎల్‌ఈడీ రాజ్యం: 6500 కెల్విన్ కూల్ డేలైట్ బల్బు కింద క్రీమ్ వెలవెలబోతుంది, 3000 కెల్విన్ వార్మ్ వైట్ కింద అదే క్రీమ్ వెన్న రంగు తేలుతుంది. ఒకే గదిలో రెండు రకాల బల్బులు పెట్టి రంగు బాగాలేదని పెయింటర్‌ను తిట్టేవాళ్లున్నారు. బల్బులు ముందు మార్చండి, రంగు తర్వాత ఎంచుకోండి. ఇంకోటి, బాల్కనీకి కట్టిన పచ్చ షేడ్ నెట్. మధ్యాహ్నం దాని గుండా వచ్చే వెలుతురుకు హాల్లో తెల్ల గోడ, తెల్ల గుమ్మం రెండూ పచ్చబారతాయి. ఎదురు బిల్డింగ్ గోడ రంగు కూడా ఇలాగే లోపలికి వస్తుంది.

కాబట్టి శాంపిల్ గోడ మీద అరచేతి మేర పూసి చూడటం దండగ. పాత రంగు చుట్టూ ఉండి కన్నును మోసం చేస్తుంది. రెండడుగుల చదరం ప్లైవుడ్ లేదా మందపాటి అట్ట ముక్కకు ప్రైమర్ వేసి, రెండు కోటింగులు వేసి, చుట్టూ అంగుళం తెల్ల అంచు వదలండి. ఆరాక టేకు గుమ్మం పక్కన నిలబెట్టి చూడండి, టైల్ మీద ఆనించి చూడండి, గదిలో చీకటి మూలలో పెట్టి చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద. తడి రంగు చూసి నిర్ణయానికి రావద్దు, ఎమల్షన్ ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది. నాలుగు గోడలూ ఒకదాని మీదకొకటి రంగు విసురుకుంటాయి కనుక గదంతా వేశాక ముక్కలో కన్నా గాఢంగా అనిపిస్తుంది. రెండు షేడ్ల మధ్య ఊగిసలాట ఉంటే లేతది తీసుకోండి.

ఎనామెల్ చేసే మోసం

గుమ్మాలకు తెల్ల నూనె రంగు వేశారు, రెండేళ్లకు అది పసుపు తిరిగింది, గోడ మాత్రం అలాగే ఉంది. ఇది మేస్త్రీ తప్పు కాదు. నూనె ఆధారిత ఎనామెల్‌లోని ఆల్కిడ్ రెసిన్ వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. పడకగది తలుపు వెనక, కర్టెన్ చాటున్న కిటికీ ఫ్రేము, అల్మారా లోపలి వైపు ముందుగా మారతాయి. తాజాగా వేసిన ఎనామెల్ ఉన్న గదిని మూసేసి గోడలకు ఎమల్షన్ వేస్తే మార్పు ఇంకా త్వరగా వస్తుంది, ఎమల్షన్ నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి వల్ల. కిటికీలు తెరిచి ఉంచాలి. లోపలి తెల్ల గుమ్మాలకు, తలుపులకు నీటి ఆధారిత పీయూ (పాలీయురేథేన్) ఎనామెల్ వేయడం మేలు. డబ్బు ఎక్కువే, కానీ తెలుపు తెలుపుగా ఉంటుంది. ముదురు గోధుమ, స్మోక్ గ్రే గ్రిల్స్‌కు పాత నూనె రంగే చాలు, పసుపు తిరిగినా తెలియదు.

ఒక చిక్కు ఉంది. పాత నూనె రంగు మీద నేరుగా నీటి ఎనామెల్ వేస్తే గోరుతో గీకగానే పొరలా లేచిపోతుంది. పాతది ఏ రంగో తెలియకపోతే స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. దూదికి రంగు అంటుకుంటే నీటి రంగు, అంటకపోతే నూనె రంగు. నూనె రంగయితే 180 నంబరు ఎమరీతో మెరుపు పూర్తిగా పోయేదాకా కొట్టి, దుమ్ము తుడిచి, రెండిటికీ పట్టే ప్రైమర్ ఒక చేయి వేసి, 320తో తేలిగ్గా రుద్ది, అప్పుడు రెండు కోటింగులు. చాలామంది ప్రైమర్ దగ్గర పొదుపు చేస్తారు.

తలుపులకు పూర్తి గ్లాస్ వేస్తే లప్పం సరిగా తీయని ప్రతి గుంతా ఎత్తి చూపుతుంది. శాటిన్ కొంత దాస్తుంది, తడిగుడ్డతో తుడిచినా ఓర్చుకుంటుంది. గ్రిల్స్‌కు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేశాకే రంగు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ పని అరకొరగా చేస్తే తొలి వానాకాలంలోనే తుప్పు నీరు కారి కింది తెల్ల గట్టు మీద గోధుమ చారలు గీస్తుంది. స్మోక్ గ్రే, డార్క్ బ్రౌన్, బస్ గ్రీన్, పీ.ఓ. రెడ్ వంటి రెడీ షేడ్ల పేరు ఒకటే అయినా కంపెనీ మారితే రంగు మారుతుంది. సగంలో బ్రాండు మార్చొద్దు.

గడపకు పసుపు రాసే ఇంట్లో గుమ్మం నిలువు పట్టీలకు అడుగునుంచి ఆరంగుళాల దాకా మ్యాట్ తెలుపు పెట్టకండి. పసుపు మరక మ్యాట్‌లో ఇంకిపోతుంది. అక్కడ శాటిన్ లేదా గ్లాస్, లేదా చెక్క పాలిష్. ఎండ నేరుగా తగిలే వాకిలైతే మరక కొన్నాళ్లకు తనంతట పాలిపోతుంది, లోపలి పూజగది గుమ్మానికి ఆ సాయం ఉండదు.

కొలతలకు వస్తే, 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు హాలుకు గోడలు 560 చదరపు అడుగులు. మెయిన్ డోర్, రెండు లోపలి తలుపులు, ఆరడుగుల కిటికీ తీసేస్తే దాదాపు 470. నునుపైన లప్పం గోడ మీద రెండు కోటింగులకు లీటరు ఎమల్షన్ సుమారు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే నాలుగు లీటర్లు అంచుకు అంచు. మరో లీటరు కలిపి తీసుకోండి. టింటింగ్ యంత్రంలో ఒకసారి కలిపిన డబ్బాకూ వారం తర్వాత కలిపిన డబ్బాకూ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, అది గోడ మధ్యలో పడితే కనిపిస్తుంది. అన్ని డబ్బాలూ పెద్ద బకెట్‌లో పోసి ఒకటిగా కలిపి వాడాలి. ఒక తలుపు రెండు వైపులా, గుమ్మంతో కలిపి 60 చదరపు అడుగుల దాకా వస్తుంది, దానికి లీటరు ఎనామెల్ లెక్కేసుకుంటే తక్కువ పడదు. ముదురు ఎరుపు, గాఢమైన పసుపు గోడ కావాలంటే రెండు కోటింగులతో కప్పుబడదు, మూడో దానికి డబ్బు ఉంచుకోండి. కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం 28 రోజులు ఆగండి. లోపలి క్షారం తగ్గకముందు వేస్తే ముదురు షేడ్లలో తెల్ల మచ్చలు తేలుతాయి, అప్పుడు ఏ జతా నిలవదు.

గోడ, గుమ్మం కలిసే గీత చక్కగా రాకపోతే ఎంత మంచి షేడైనా చవకగా కనిపిస్తుంది. మన గుమ్మాలకూ ప్లాస్టరింగ్‌కూ మధ్య ఎప్పుడూ సన్నని నెర్రె ఉంటుంది. దాన్ని లప్పంతో నింపితే తలుపు పదిసార్లు పడేసరికి మళ్లీ విచ్చుకుంటుంది. పెయింట్ పట్టే అక్రిలిక్ సీలెంట్ నింపి తడి వేలితో లాగండి. సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు. వరస ఇలా: సీలింగ్, గోడకు మొదటి కోటింగ్, గుమ్మాలకు ఎనామెల్ రెండు కోటింగులు, అది బాగా ఆరాక గోడకు చివరి కోటింగ్. మాస్కింగ్ టేప్ గుమ్మం మీద అంటించాక, టేప్ అంచు వెంట ముందు గుమ్మం రంగునే పలచగా ఒకసారి లాగాలి. టేప్ కిందికి ఏదైనా పాకితే ఆ రంగే పాకుతుంది. అది ఆరాక గోడ రంగు. చివరి కోటింగ్ ఇంకా చెమ్మగా ఉండగానే టేప్‌ను ఏటవాలుగా వెనక్కి మడిచి తీయండి. ఎండ పడే కిటికీ దగ్గర రెండు రోజులు వదిలేస్తే జిగురు మిగిలిపోతుంది.

బయటి గోడలకు ఇంకో నియమం చేరుతుంది: ఎండ. మెరిసే ఎరుపు, ఊదా, నిమ్మ పసుపు షేడ్లు త్వరగా వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడ్‌తో చేసిన ఇటుక ఎరుపు, కాషాయం కలిసిన పసుపు, గోధుమ రంగులు ఎక్కువ కాలం ఆగుతాయి. పట్టీలు, స్తంభాలు, పిట్టగోడకు ముదురు రంగు కావాలంటే వీటిలోంచే తీసుకోండి. పిట్టగోడ పైనా సన్‌షేడ్ పైనా పేరుకున్న దుమ్ము తొలి వానకు కిందికి జారి తెల్ల గోడ మీద నల్ల చారలు పెడుతుంది. సన్‌షేడ్ అడుగు అంచున నీరు తెగిపడే గాడి లేకపోతే ఏ రంగూ దాన్ని ఆపలేదు. గాడి ఉన్నా పిట్టగోడ పై అంచుకు, సన్‌షేడ్ ముఖానికి మధ్యరకం ముదురు షేడ్ వేస్తే మరకలు తక్కువ కనిపిస్తాయి. ఇంటి ముఖాన మూడు రంగులు దాటొద్దు, గేటు నాలుగోదిగా వచ్చి చేరుతుంది ఎలాగూ.

పని పూర్తయ్యాక మిగిలిన రంగును పెద్ద డబ్బాలో అడుగున వదిలేయకండి, ఖాళీలోని గాలికి పొర కట్టేస్తుంది. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో మూతి దాకా నింపి, షేడ్ కోడ్, బేస్, కంపెనీ, ఏ గది, ఏ నెల అన్నీ మార్కర్‌తో రాసి పెట్టండి. మ్యాట్ గోడకు టచప్ చేస్తే కలిసిపోతుంది. శాటిన్ గుమ్మం మీద చేస్తే అతుకు వేసినట్టు మెరుపు తేడా కనిపిస్తుంది, అక్కడ మూల నుంచి మూల దాకా ఆ పట్టీ మొత్తం ఒకేసారి వేయాలి.